ఎదురగ్గి

"అగ్గి పెట్టింది ఎవరు?" అని నరేశ్ సారు అడిగితే సుక్కమ్మ "నేనే" అంది. గొప్పగానే అంది. అదే ఆమె కొంప ముంచింది.

అచ్చంపేట దాటాక, అడవి అంచున ఉన్న కుంటలో హెలికాప్టర్ పక్కకు ఒరిగి పడి ఉంది. అడవి మంటలార్పడానికి పెద్ద బకెట్‌తో నీళ్లు ముంచుకుని లేస్తుంటే, బకెట్ తాడు కరెంటు తీగకు తగులుకుంది. సుక్కమ్మా, మంటలార్పే పనికొచ్చిన తక్కిన పదకొండు మంది ఆడకూలీలూ కళ్లారా చూశారు. నడుములోతు బురదలో దిగి పైలట్‌ను బయటికి లాగిందీ వాళ్లే. ఆయన్ను దవాఖానకు తీసుకుపోయి గంటయింది. బతికాడో లేదో కబురు లేదు.

ఇప్పుడు కట్ట మీద జీపు ముందు నిలబడి అడవి శాఖ ఆఫీసరు నరేశ్ కాగితం పరిచాడు. పక్కన హెలికాప్టర్ కంపెనీ మేనేజర్. చదువురాని సుక్కమ్మ ముందుకు వేలిముద్ర కోసం సిరా డబ్బా జరిగింది.

"ఏం రాసిన్రో జర చదువున్రి సారూ."

"నేనే మంట పెట్టాను. ఆ పొగలో పైలట్‌కు దారి కనబడలేదు" అని చదివాడు నరేశ్.

సుక్కమ్మకు ఒళ్లు మండిపోయింది. వచ్చే మంటకు ముందే ఆకులు కాల్చి దాని దారి తెంపడాన్ని ఈ కూలీలు ఎదురగ్గి అంటారు. నోటి అలవాటుకొద్దీ 'అగ్గి పెట్టుడు' అనేస్తారు. నరేశ్‌కు ఆ పని నేర్పిందే సుక్కమ్మ.

"ఎదురగ్గి అన్న మాట ఏడవాయె సారూ? గది కోసెడు దూరంల పెట్టిన. పొగంత గుట్ట దిక్కు పోయింది. తీగ ముచ్చట రాయలే? కుంట మీద తీగున్నది పైలం అని పొద్దుగాల్నే చెప్పిన కదా!"

"తీగ సంగతి నీకెందుకమ్మా?" అన్నాడు మేనేజర్. "వేలు పెట్టి ఇంటికి పో."

"ఎందుకా? రేపు పోలీసులు గుంజుకపోయేది నన్ను. మీ తప్పు నా నెత్తిన రుద్దుతరా?"

నరేశ్ గొంతు తగ్గించాడు. "సుక్కమ్మా, మొండికేస్తే రేపటి నుంచి నిన్ను పనిలకు రానియ్యరు."

"రానియ్యకుంటే గడ్డి కోసుకోని బతుకుత బిడ్డా. గా పైలట్ తల్లి వచ్చి ఎట్లయిందని అడిగితే, అబద్ధం నా నోట రాదు."

మేనేజర్ విసుక్కుని డబ్బాను కూలీల్లో ముందు నిలబడ్డ గోవిందమ్మ వైపు తోశాడు. "సాక్షిగా నువ్వు పెట్టు."

గోవిందమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆమె పక్కనున్నామె కూడా దాచుకుంది.

"తీగ అని రాయి. ఎదురగ్గి అని రాయి" అంది సుక్కమ్మ. "రాసినంక పన్నెండు మందిమీ వేలు పెడతం."

నరేశ్ పెన్ను మూత తీశాడు. మేనేజర్ అతని చెయ్యి పట్టుకున్నాడు.