మామగారి నీడకు చీపురు తగలకూడదు

పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇంటి వీధిగది తలుపు తెరుచుకుంటుంది. అత్తగారు కిటికీ రెక్క తీసి, చీపురు అందుకుని, నాలుగు మూలలూ ఊడ్చుకుంటూ వస్తుంది. కిటికీ పక్కనున్న కర్రకుర్చీ దగ్గర మాత్రం చీపురు పైకెత్తి, చుట్టూ తిరిగి, అవతలి వైపు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ కుర్చీలో మామగారి నీడ కూర్చుని ఉంటుంది.

మామగారు పోయి ఆరేళ్లయింది. నీడ పోలేదు. బతికున్నప్పుడు కూడా ఆయన ఒక్కసారి చెబితే లేచే రకం కాదు కాబట్టి వీధిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆరడుగుల మనిషి, నీడా ఆరడుగులే. కుర్చీలోంచి జారి నేలమీద పరుచుకుని ఉంటుంది. పేపరు వచ్చే వేళకు మాత్రం కాస్త నిటారుగా సర్దుకుంటుంది. ఇంట్లో ఒకటే నియమం. పెద్దాయన నీడను తొక్కకూడదు, నీడకు చీపురు తగలకూడదు.

మామగారు రఫూ పనివాడు. రఫూ అంటే చిరిగిన గుడ్డకు మాసిక వేయడం కాదు. ఆ గుడ్డలోంచే, ఎవరికీ కనబడని లోపలి మడతలోంచి దారం లాగి, చిరుగు ఉన్న చోట పడుగూ పేకా మళ్లీ నేయడం. బాగా చేస్తే చిరుగు ఎక్కడుండేదో చింపినవాడికి కూడా గుర్తుండదు. ఆ విద్య కొడుక్కి అబ్బలేదు. కొడుకు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగి. ఎవరేమన్నా "అలాగే" అంటాడు. అనగా అనగా వీధిలో అతని పేరే అలాగే అయిపోయింది. విద్య కోడలికి అబ్బింది. బజారులోని పెద్ద లాండ్రీ నుంచి వారానికో మూట కోట్లూ శాలువలూ ఆమె దగ్గరికే వస్తాయి.

రఫూకి సూది ఎంతో వెలుతురూ అంతే. ఆ వెలుతురే కోడలికి శత్రువైంది.

ముందు దురద వచ్చింది. తర్వాత కళ్లు ఎర్రబడ్డాయి, నీళ్లు కారాయి. చివరికి కిటికీ వైపు తిరిగితే చాలు, తన సూదులన్నీ తన కళ్లలోనే గుచ్చుకున్నట్టుండేది. వీధి అంతా తలా ఒక సలహా తెచ్చింది. ఎదురింటి మాస్టారైతే కిటికీ దాకా వచ్చి, "నిద్ర చాలక అమ్మా. నేను రోజుకు పది గంటలు పడుకుంటాను. నా కళ్లు చూడు," అన్నాడు. చూడాలంటే ముందు ఆయన కళ్లద్దాలు ఎవరైనా తుడవాలి.

మామగారి నీడ సలహాలివ్వలేదు. ఒక పొద్దున్న కుర్చీలోంచి లేచి, నేలమీద పాకుతూ వచ్చి, కిటికీకీ కోడలికీ మధ్య అడ్డంగా నిలబడింది.

"చూశావా మీ మామయ్యని!" అంది అత్తగారు. "ముప్ఫై ఏళ్లలో నాకు గ్లాసుడు నీళ్లు అందించిన పాపాన పోలేదు. కోడలి కోసం మాత్రం లేచి నిలబడ్డారు."

మొదటి రోజు కోడలికి హాయిగా ఉంది. మర్నాడు దురద పెరిగింది. దురద పెరిగేకొద్దీ నీడ దగ్గరికి జరిగింది. నీడ దగ్గరికి జరిగేకొద్దీ దురద పెరిగింది. నెల తిరిగేసరికి ఆమె దుప్పటి కప్పుకున్నట్టు మామగారి నీడ నెత్తిమీద కప్పుకుని కుట్టేది. ఆ మసకలో ఒక నీలం కోటుకు నల్లదారంతో రఫూ చేసి పంపించింది.

లాండ్రీ మేనేజరు కోటు పట్టుకుని తనే వచ్చాడు. ఆయన నవ్వితే చొక్కా ఇస్త్రీ నలుగుతుందని నవ్వని మనిషి.

"అమ్మా, రఫూ అంటే కనపడకూడదంటారు. ఇది వీధి చివరి నుంచి కనపడుతోంది."

"నిజమేనండీ. తప్పు నాదే," అంది కోడలు.

"ఇవాళ్టికి పద్నాలుగో రోజు మళ్లీ వస్తాను, ఒక కోటు తీసుకుని. నా ఎదురుగా, పట్టపగలు, కిటికీ తీసి చెయ్యాలి. కుదరలేదా, ఇకనుంచి మూటలన్నీ మిషను వాళ్లకే."

"తప్పకుండా రండి. మీకు కుర్చీ వేసి ఉంచుతాను."

మేనేజరు వీధి మలుపు తిరగ్గానే ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, రేపు సెలవు పెట్టండి. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"అలాగే."

డాక్టరమ్మ కోడలి కనురెప్పలు తిరగేసి చూసి చేతులు కడుక్కుంది.

"ఇది ఎలర్జీ అమ్మా. మీ ఒంటికి సరిపడనిది ఏదో కళ్లలో పడుతోంది. దాంతో కళ్లు వాచాయి. వాచిన కన్నుకు వెలుతురు గుచ్చుకుంటుంది. అందులో వెలుతురు తప్పేం లేదు. కళ్లు నలపకండి. చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ఈ చుక్కలు రెండు పూటలా వాడండి. ఎండలోకి వెళ్తే నల్లద్దాలు పెట్టుకోండి, ఇంట్లో మాత్రం వద్దు."

"ఇంట్లో మా మామగారి నీడ ఉందండీ. దాని కిందే కూర్చుంటున్నాను."

"ఎంతసేపు?"

"పొద్దున్న నుంచి సాయంత్రం దాకా."

డాక్టరమ్మ నీడకు ఆశ్చర్యపోలేదు కానీ గంటలకు ఆశ్చర్యపోయింది. "అంతసేపా! చీకట్లో కూర్చోబెట్టిన కన్ను చీకటికే అలవాటు పడుతుందమ్మా. ఆ తర్వాత అగ్గిపుల్ల గీసినా ఎండలా ఉంటుంది. వెలుతురు రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఆ సరిపడనిదేదో మీరే పట్టుకోవాలి. ఒక పుస్తకం పెట్టి రాయండి, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, దురద ఎప్పుడు మొదలైంది అని. నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా మాత్రం పుస్తకం అవతల పడేసి వెంటనే నా దగ్గరికి రావాలి."

కోడలు నాలుగు రోజులు రాసింది. దారం లెక్కపెట్టే మనిషి కాబట్టి పుస్తకం కూడా అలాగే రాసింది. లాండ్రీకి వెళ్లి మూట తెచ్చాను, రెండు గంటలు, దురద లేదు. వంటగదిలో లేదు. నల్లద్దాలు పెట్టుకుని డాబా మీద బట్టలారేశాను, లేదు. వీధిగదిలో మామయ్యగారి నీడ కింద కూర్చున్నాను, పది నిమిషాల్లో మొదలైంది. నాలుగు రోజులూ ఇదే రాత.

అయిదో రోజు ఆమె వంగి, మామగారి నీడ అంచు పట్టుకుని, చాప కొసను ఎత్తినట్టు ఎత్తి చూసింది.

కింద ఆరేళ్ల నూగు ఉంది. కోట్ల ఉన్ని, శాలువల బొచ్చు, దూది, దుమ్ము, అన్నీ కలిసి పరుపులా మందంగా పేరుకుపోయాయి. నీడ కదిలినప్పుడల్లా ఆ పరుపూ వెంట వచ్చేది. పాపం పెద్దాయన కోడల్ని ఎండ నుంచి కాపాడుతున్నాననుకుని, రోజూ ఆరేళ్ల దుమ్ము తెచ్చి ఆమె ముఖాన కప్పుతున్నాడన్నమాట.

"అత్తయ్యా, మామయ్యగారి నీడను ఒకసారి దులపాలి," అంది కోడలు.

అత్తగారి చేతిలో చీపురు కిందపడింది. "దులుపుతావా? పెద్దాయన్ని? ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను, ఒక్కనాడైనా నేను ఆయన్ని దులిపానా?"

ఈ మాట వీధి మొత్తం వింది. ఆవిడ ఆయన్ని ఎన్నిసార్లు దులిపిందో ఆ ఇంటి గోడలకు తెలుసు, ఎదురింటి గోడలకు కూడా తెలుసు.

ఎదురింటి మాస్టారు అప్పటికే కిటికీ దగ్గరున్నాడు. "మామ నీడ గిట్టని కోడళ్లు లోకంలో బోలెడుమంది. డాక్టరు చీటీతో గిట్టకపోవడం మాత్రం ఇదే మొదలు," అన్నాడు.

"నువ్వు చెప్పరా మీ ఆవిడకి!" అంది అత్తగారు.

"అలాగే," అన్నాడు అలాగే.

"మీరైనా చెప్పండి అత్తయ్యకి," అంది కోడలు.

"అలాగే."

ఇద్దరూ కాసేపు అతని వైపు చూసి, ఆ దారి మూసుకుపోయిందని తెలుసుకున్నారు.

"అత్తయ్యా," అంది కోడలు మెల్లగా, "నేను ముట్టుకోను. మీరు ఒక్క గంట నా చోట కూర్చోండి. లేచాక మీరేమంటే అదే."

"గంటేం ఖర్మ, రోజంతా కూర్చుంటాను. నా మొగుడి నీడే కదా!"

కూర్చుంది. మామగారి నీడ ఎంతో మర్యాదగా ఆవిడ మీదికి జరిగింది. మొదటి తుమ్ముకు మాస్టారు కిటికీ గట్టు మీద సుద్దతో ఒక గీత గీశాడు. పదకొండో గీత దగ్గర సుద్దముక్క అయిపోయింది. అత్తగారు లేచేసరికి ఆవిడ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, కోపం వల్ల కాదు.

"ఇన్నాళ్లూ నువ్వు దీని కిందేనా కూర్చున్నావు?" అంది. సమాధానం కోసం ఆగలేదు. "నీళ్లు తే. నా మొగుణ్ణి నేనే శుభ్రం చేసుకుంటాను. చీపురు మాత్రం తగలనివ్వను."

"చీపురు అసలు వద్దత్తయ్యా. పొడిగా ఊడిస్తే అదంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తీయండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి."

కోడల్ని డాబా ఎక్కించి తల్లీకొడుకులు పని మొదలుపెట్టారు. ఏడు బకెట్ల నీళ్లు పట్టాయి. నీడ కింద పద్నాలుగు సూదులు, మామగారి ఇత్తడి అంగుళితొడుగు, బస్సులో పోయిందని కొడుకు మూడేళ్ల కిందట ప్రమాణం చేసి చెప్పిన గొడుగు దొరికాయి. గొడుగు సంగతి తర్వాత మాట్లాడతానని అత్తగారు అంది. తర్వాత చాలాసేపే మాట్లాడింది. నీడను పిండి డాబా తీగమీద రెండు క్లిప్పులు పెట్టి ఆరేశారు. వీధిలో వెళ్లేవాళ్లు ఆ కింద కాసేపు చల్లగా నిలబడి వెళ్లారు. అత్తగారు ఏది పిండినా చెయ్యి గట్టిది. నీడ అంచు వెంబడి కొంచెం పోగులు లేచాయి.

నూగు పోవడంతో దురద ఆ సాయంత్రానికే తగ్గుముఖం పట్టింది. అయినా నెలరోజులు చీకటికి మరిగిన కళ్లు వెలుతురును వెంటనే రానివ్వలేదు. కోడలి పీటకూ కిటికీ పక్క కుర్చీకీ మధ్య ఎనిమిది నాపరాయి బండలున్నాయి. గడువుకు ఎనిమిది రోజులుంది.

"మామయ్యగారూ, ఈ రోజుకు ఒక్క బండ వెనక్కి," అంది ఆమె.

నీడ కాసేపు ఆలోచించి ఒక బండ వెనక్కి జరిగింది. మర్నాడు ఇంకొకటి. ప్రతి పూటా చుక్కలు, తడిగుడ్డ, పని అవగానే ముఖం కడుక్కోవడం. మూడో రోజు వెలుతురుకు కళ్లలో నీళ్లు తిరిగేసరికి పెద్దాయన మనసు ఆగలేదు. నీడ గబగబా రెండు బండలు ముందుకొచ్చేసింది.

"మామయ్యగారూ! మీరిలా ముద్దు చేస్తే మీరు నేర్పిన విద్య మిషను పాలవుతుంది."

నీడ వెనక్కి వెళ్లింది. ఈసారి మూడు బండలు వెళ్లింది. ఎనిమిదో రోజుకు కుర్చీలో కూర్చుంది.

పద్నాలుగో రోజు పదిన్నరకు మేనేజరు వచ్చి, తనకోసం వేరేగా వేసిన కుర్చీలో కూర్చుని, ఒక నల్లకోటు విప్పాడు. ఒక జడ్జిగారిది. పాతికేళ్ల కోటు. మోచేతి దగ్గర బొటనవేలు పట్టేంత చిరుగు. నల్లగుడ్డ మీద నల్లపోగు నేయడం రఫూలోకెల్లా కష్టమని ఆయనకు తెలుసు, అందుకే తెచ్చాడు.

కోడలు కోటు తిరగేసి లోపలి మడత విప్పి చూసింది. "ఇందులో లాగడానికి దారం లేదండీ. ఎవరో ముందే లాగేశారు."

"మిషను వాళ్లు ఒకసారి ప్రయత్నించి చూశారు," అన్నాడు మేనేజరు పైకప్పు వైపు చూస్తూ.

ఆమె పెట్టెలోంచి తొమ్మిది నల్ల రీళ్లు తీసి కిటికీ వెలుతురులో వరసగా పెట్టింది. రెండు వారాల కిందట అయితే తొమ్మిదీ ఒకటే. ఇప్పుడు ఒకదాంట్లో నీలం కనబడింది, ఒకదాంట్లో గోధుమ రంగు, ఇంకోదాంట్లో లోపలెక్కడో ఎరుపు. ఏదీ ఆ కోటు నలుపు కాదు. అది ఉతికి ఉతికి చల్లబడిన పాత నలుపు. ఈ నలుపును ఎక్కడో చూశానే అనుకుంది. ఎక్కడో ఏమిటి, ఎనిమిది రోజులుగా బండబండకూ చూస్తూనే ఉంది.

కుర్చీ వైపు తిరిగింది. "మామయ్యగారూ, కొంచెం దారం కావాలి."

నీడ అంచు పైకి లేచింది. కోడలు లేచిన పోగు ఒకటి పట్టుకుని లాగింది. స్వెట్టరు విప్పినట్టు వరస తర్వాత వరస ఊడి వచ్చింది. సూదికి ఎక్కించి చూస్తే గుడ్డకూ పోగుకూ తేడా లేదు.

మేనేజరు ముందుకు వంగి చూశాడు. "మీ ఇంట్లో నూలు మంచిదమ్మా," అన్నాడు.

పడుగు సగమయ్యేసరికి పదకొండు కావచ్చింది. ఎండ సూటిగా ముఖంమీద పడింది. కళ్లు చెమ్మగిల్లాయి. ఆమె నలపలేదు, పీట జరపలేదు, రెండుసార్లు రెప్పలార్పి పని సాగించింది. అప్పుడు కుర్చీలోంచి మామగారి నీడ లేచి నిలబడింది. ఇదివరకైతే అది ఆమెనూ కోటునూ కలిపి కప్పేసేది. ఇప్పుడు పోగులు ఊడి కురచైపోయింది కదా, సరిగ్గా ఆమె కళ్ల వరకే వచ్చి ఆగింది, నుదుటి మీద టోపీ అంచులా. కళ్లు చల్లగా ఉన్నాయి. చేతులూ సూదీ కోటూ నిండు ఎండలో ఉన్నాయి.

పన్నెండున్నరకు ఆమె దారం తెంపి కోటు ఇచ్చింది. మేనేజరు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. వేలితో తడిమాడు. రెండో మోచెయ్యి కూడా చూశాడు. చివరికి, "ఇంతకీ ఏ చెయ్యమ్మా?" అన్నాడు.

"నాకూ గుర్తు లేదండీ," అంది కోడలు.

మేనేజరు నవ్వాడు. చొక్కా ఇస్త్రీ నలిగింది. రేపు రెండు మూటలు పంపిస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఎంత ఉక్కగా ఉన్నా జడ్జిగారికి ఆ కోటులో ఒక మోచెయ్యి చల్లగా ఉంటుందని తర్వాత తెలిసింది. ఏ చెయ్యో ఆయన చెప్పలేదు.

మేనేజరు వెళ్లాక అత్తగారు టేపు తెచ్చి, నేలమీద పరుచుకున్న మొగుణ్ణి తల నుంచి కాళ్ల దాకా కొలిచింది. మళ్లీ కొలిచింది.

"జానెడు తగ్గారు," అంది. ముక్కు ఎగబీల్చింది, ఈసారి దుమ్ము వల్ల కాదు. "బతికున్నన్నాళ్లూ ఒక్కసారైనా తగ్గారా ఈ మనిషి!"

లేచి వెళ్లి కిటికీ రెండో రెక్క కూడా తీసింది.