పెద్దామెను విడిచిన మీదట

తొంభై నాలుగులో మా పెదనాన్న బర్నబాస్ గారికి వంశవృక్షం పిచ్చి పట్టింది. అప్పటికాయన హెడ్మాస్టరుగా రిటైరై పదేళ్ళు దాటింది. బాపట్లలో సొంత మేడ, ముందు వరండా, అందులో పడక కుర్చీ. ఎవరొచ్చినా ఆ కుర్చీలోంచే వాళ్ళ మాటల్లో తప్పులు దిద్దేవాడు. ఓ ఆదివారం మమ్మల్నందరినీ పిలిపించాడు. మా ముత్తాత లూకా గారు బాప్తిస్మం తీసుకుని ఈ డిసెంబరుకి నూరేళ్ళట. అందుకని కృతజ్ఞత కూడిక పెడతాడట. వచ్చినవాళ్ళందరికీ వంశవృక్షం అచ్చేసి పంచుతాడట.

"కుసుమా, నువ్వు తెనాలి మున్సిపాలిటీలో జనన మరణాల సెక్షన్లోనేగా ఏడుస్తున్నావు? రిజిష్టర్లు తిరగెయ్యడం నీకలవాటే. మా తాత లూకా గారు ఎప్పుడు పుట్టాడో, మా నానమ్మ మార్తమ్మ పుట్టింటివాళ్ళెవరో కనుక్కురా. అచ్చు పని కూడా తెనాల్లో నువ్వే చూడు," అన్నాడు.

సరేనన్నాను. లోపల గర్వంగానే ఉంది, దాచుకోవడం దేనికి! మా పల్లెలో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్నది మా ముత్తాతే. ఆయన కొడుకు యేసుదాసు మేష్టరు మా తాత. ఆయన కొడుకులే పెదనాన్నా, మా నాన్నా. చిన్నప్పట్నించీ ప్రతి క్రిస్మస్‌కీ ఈ వరస అప్పజెప్పి పెరిగినదాన్ని.

సెలవు పెట్టి పల్లెలో మా చర్చి గుడికి వెళ్ళాను. గుడి ఊడ్చే రాజమ్మ వెనక గదిలో బీరువా తాళం తీసింది. తలుపు తియ్యగానే బొద్దింకల కంపు గుప్పుమంది. రిజిష్టరు అట్టకి బల్లిగుడ్లు అతుక్కుపోయి ఉన్నాయి. చీరకొంగుతో ముక్కు మూసుకుని 1894 తీశాను.

ఉంది. లూకా, వయసు ఇరవై ఆరు. భార్య మార్తమ్మ, వయసు పద్నాలుగు. కొడుకు యేసుదాసు, వయసు అయిదు.

నాది రోజూ ఇదే ఉద్యోగం. తేదీలు కుదరకపోతే నా కన్ను అక్కడే ఆగిపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్లకి అయిదేళ్ళ కొడుకేంటి? తొమ్మిదేళ్ళకే కన్నదా? పక్కన రిమార్కుల గడిలో సన్నటి అక్షరాలు కనపడ్డాయి. "ఇతనికి భార్యలిద్దరు. పెద్దామెను విడిచిన మీదట బాప్తిస్మమియ్యబడినది."

అంతే. లూకా పాత పేరుంది, కొత్త పేరుంది, సాక్షులిద్దరి వేలిముద్రలున్నాయి. ఆ పెద్దామెకి మాత్రం పేరు లేదు. పక్క పేజీలు, వెనక పేజీలు, సమాధుల లిస్టు, అన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు.

"ఆ రోజుల్లో ఇద్దరు పెళ్ళాలుంటే బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు కాదమ్మా," అంది రాజమ్మ, గడప మీద కూచుని. "ఒకర్ని వదిలేసి రమ్మనేవాళ్ళు. మా నాయనమ్మ కళ్ళారా చూసిందంట. ఈయన ముసలిదాన్ని వదిలేసి పడుచుదాన్ని ఉంచుకున్నాడు."

"ముసలిదంటే ఎన్నేళ్ళు?"

"ఇరవై రెండో ఇరవై మూడో. మగపిల్లోణ్ణి లాక్కుని పంపించేశాడు. అప్పటికి మళ్ళీ నీళ్ళోసుకునుంది పాపం. రేపల్లె పోయి ఆడపిల్లని కన్నది. ఆ పిల్ల కూతురు సుందరమ్మ ఇప్పటికీ ఉంది, మిల్లు వెనక. మా తమ్ముడు మొన్నీమధ్యే చూశాడు."

ఛీ! ఇరవై రెండేళ్ళ మనిషి ముసలిదా! ఇన్నాళ్ళూ నిలబడి చెప్పుకున్న వంశం ఇదా! మార్తమ్మ మాకేమీ కాదు. మేమందరం ఆ గెంటేసిన మనిషి కడుపున పుట్టినవాళ్ళం.

ఆ శనివారం తెనాల్లో రేపల్లె బండెక్కాను. మిల్లు వెనక ఊక గుట్టల పక్కన రేకుల పాక. దాని ముందు డెబ్బై అయిదేళ్ళావిడ చేటతో నూకలు చెరుగుతోంది.

"సుందరమ్మ గారంటే మీరేనా అండి?"

"ఆఁ. ఎవరమ్మాయివమ్మా?"

చెప్పాను. చేట ఆగిపోయింది.

"యేసుదాసు మావయ్య మనవరాలివా? అయితే నేను నీకు అత్తనవుతానే! ఎండలో నిలబడ్డావేంటి, కూచో," అని, కొంగుతో పీట తుడిచింది. మా వాళ్ళెవరూ ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు. ఆవిడ దగ్గర ఒక్క నిష్ఠూరం మాట లేదు. నాకైతే తల కొట్టేసినట్టయింది.

"ఆవిడ పేరేంటత్తా?"

"మా అమ్మమ్మ పేరా? అంకమ్మ." అని నవ్వింది. "ఆ పేరు నోటితో అని ఎన్నాళ్ళయిందో! ఏటా ఒకసారి కొడుకుని చూడ్డానికి నడిచి పోయేదమ్మా. తిరిగొచ్చాక రెండ్రోజులు అన్నం ముట్టేది కాదు. అక్కడేం జరిగిందో మాకెప్పుడూ చెప్పలేదు."

కూడిక సంగతీ, వంశవృక్షం సంగతీ చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"నాకేం వద్దు తల్లీ. ఆ కాయితంలో లూకా పక్కన మా అమ్మమ్మ పేరు ఎక్కించు. నేను పోయేలోపల ఒక్కసారి చూసుకుంటాను."

ఎక్కిస్తానని మాటిచ్చాను.

మర్నాడు బాపట్ల వెళ్ళి పెదనాన్న ముందు రిజిష్టరు నకలు పెట్టాను. చదివి మడిచి పక్కన పడేశాడు.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు. "నా చిన్నప్పుడు ఏటా వచ్చేది, కొంగులో మరమరాల ఉండలు కట్టుకుని. నేరుగా నాన్న స్కూలుకే వచ్చేది. తోటి మేష్టర్లు ఎవరీవిడని అడిగితే, మా గొడ్లకాడ పనిమనిషండి అనేవాడు. పాపం, పరువుగల ఉద్యోగం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

పాపం అన్నది వాళ్ళ నాన్నని! నా ఒళ్ళు భగ్గుమంది.

"ఆ ఉండలేం చేసేవాళ్ళు?"

"గేదెలకి వేసేవాళ్ళం."

లోపల్నించి మా అన్నయ్య రాజారత్నం వచ్చాడు. పెదనాన్న పెద్దకొడుకు, బ్యాంకులో ఆఫీసరు. "మా కరుణకి సంబంధం మాట్లాడుతున్నాంరా కుసుమా. వాళ్ళు కూడికకి వస్తున్నారు. మా ముత్తాత కడుపుతో ఉన్న పెళ్ళాన్ని తరిమేశాడని అచ్చేసి వాళ్ళ చేతిలో పెట్టమంటావా?"

"చేసినప్పుడు లేని సిగ్గు చెప్పడానికొచ్చిందా?"

"మార్తమ్మ పేరే ఉంటుంది," అన్నాడు పెదనాన్న. "ఇక వెళ్ళు."

థూ! వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చేశాను. నేరుగా తెనాల్లో ప్రెస్సుకెళ్ళి, కంపోజు చేసే ఆయన పక్కన నిలబడి లూకా పక్కన ఒక వరస పెట్టించాను. "పెద్ద భార్య అంకమ్మ, యేసుదాసు తల్లి." రెండొందల కాపీలు. కూడిక రోజు పొద్దున్నే రేపల్లె వెళ్ళి అత్తని తీసుకురావాలి గనక, ముందురోజే కట్టకట్టించి బాపట్ల బస్సులో పంపించేశాను. అప్పుడు నా బుర్ర ఏ గడ్డి తింటోందో! నాకోసం ఒక్క కాపీ అయినా తీసుకోలేదు.

అత్త ఉతికిన తెల్లచీర కట్టుకుంది, తలకి నూనె రాసుకుంది. బస్సులో దారంతా ఎవరు పక్కన కూచుంటే వాళ్ళకి చెప్పింది, మా అమ్మమ్మ పేరు అచ్చులో పడిందని.

షామియానాలో పాటలు పాడుతున్నారు. పెరట్లో బిర్యానీ వాసన. అత్తని కుర్చీలో కూచోబెట్టి కాగితాల కోసం వరండాలోకి వెళ్ళాను.

చాప మీద వరసగా కూచున్నారు. రాజారత్నం, వదిన, వాళ్ళ పిల్లలు. అందరి చేతుల్లోనూ నల్ల బాల్‌పెన్నులు. రాజారత్నమైతే అంకమ్మ పేరున్న వరసని స్కేలు పెట్టి మరీ కొట్టేస్తున్నాడు. ఒక గీత కాదు, కింద అక్షరం ముక్క కనపడకుండా నాలుగైదు గీతలు. బయట స్తోత్రం స్తోత్రం అంటుంటే లోపల వీళ్ళు కూడా గొంతు కలుపుతూ కొడుతున్నారు.

"అత్తా, నావి నలభై అయిపోయాయి," అంది కరుణ, మెచ్చుకుంటాననుకుంది కాబోలు.

"సిగ్గులేదర్రా మీకు! మీ కన్నతల్లికి తల్లయితే ఇలాగే కొడతారా?" అని అరిచాను. కట్టంతా లాగి చూశాను. ఒక్కటి కూడా మిగల్లేదు.

పెదనాన్న గుమ్మంలో నిలబడ్డాడు. "పెళ్ళివాళ్ళు వింటారు. అల్లరి చెయ్యకు. ఆ ముసలావిణ్ణి తీసుకొచ్చావుగా, ముందు బంతిలో కూచోబెట్టి కడుపునిండా పెట్టించు."

ఎంత దయ! ఈలోపల వదిన షామియానాలో కాగితాలు పంచేస్తోంది. నేను పరిగెత్తేసరికి అత్త చేతిలో ఒకటి పడనే పడింది.

ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. నేను సరిగ్గా తిప్పి పట్టుకున్నాను.

"ఎక్కడుందమ్మా?"

చుట్టూ చూశాను. అటు పెళ్ళివాళ్ళు, ఇటు పాస్టరు గారు. నిజం చెప్పెయ్యాలనే ఉంది. ఆవిడ మొహం చూశాక నోరు రాలేదు. లూకా పేరు మీద వేలు పెట్టి, పక్కకి జరిపి, ఆ నల్లటి గీత మీద ఆపాను.

"ఇక్కడత్తా."

ఆవిడ వేలితో మెల్లిగా తడిమింది.

"అందరి పేర్లకన్నా నల్లగా పడిందే!"

"అవునత్తా," అన్నాను. వాళ్ళనంటున్నాను గానీ నేనేం తక్కువ తిన్నాను!

ఆవిడ ఆ గీతని ముద్దు పెట్టుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"మా మనవరాలు ఎనిమిదో తరగతమ్మా, గడగడా చదువుతుంది. ఇంటికెళ్ళగానే దానిచేత పైకి చదివించుకుంటా."