భూతద్దం చెల్లెలి సంబంధాలు

ఆ గాజు కంపెనీ తాతల నాటిది. ఎన్నో దేశాల్లో దానికి కొలుములున్నాయి. రాత్రనక పగలనక మండుతూనే ఉంటాయి. కరిగిన గాజు పలకలై చల్లబడి వస్తుంటే, దీపాల ముందు నిలబడి అందులో బుడగలు వెతకడం అక్కడ పనిచేసే ఒకాయన పని. చీమ తలంత బుడగైనా ఆయన కంటబడకుండా పోలేదు. తోటివాళ్లు భూతద్దం అని పేరు పెట్టారు. అలా పిలిస్తేనే పలికేవాడు కూడా.

కంపెనీ పద్ధతి ఒకటుంది. నిలువుటద్దాలకు పోయే గాజులో బుడగన్నది ఉండకూడదు. మామూలు కిటికీలకైతే అంచున చిన్న బుడగున్నా పంపించేస్తారు. వచ్చే వెలుతురుకు అదేం అడ్డం? ఈ తేడా ఆయనకు కొట్టిన పిండి. ఇంటికొచ్చేసరికి ఏమయ్యేదో మరి, అమ్మా నాన్నా లేని చెల్లెలికి వచ్చిన ప్రతి సంబంధాన్నీ నిలువుటద్దం గాజును చూసినట్టే చూశాడు. ఒకడు గట్టిగా నవ్వుతాడన్నాడు. ఇంకొకడు కాళ్లీడ్చి నడుస్తాడన్నాడు. కంపెనీ గాజు తోలే లారీ డ్రైవరు తనంతట తానే వచ్చి అడిగితే, నత్తి ఉందని తిప్పి పంపాడు.

"కాపురం చేసేవాడు కావాలా, ఉపన్యాసాలిచ్చేవాడు కావాలా మీకు?" అని భార్య దెప్పింది.

ఆయన వింటేగా. చెల్లెలంటే ప్రాణం. చిన్న లోపం ఉన్నవాడి చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు. పోనుపోను సంబంధాలు రావడమే మానేశాయి. చెల్లెలి జుట్టు నెరిసింది.

ఆయన ఉద్యోగం ఆఖరి రోజున గేటు దగ్గర ఆ డ్రైవరు కనిపించాడు. అతని భార్య అన్నం క్యారియర్ తెచ్చింది. అతను ఆగి ఆగి ఏదో చెబుతుంటే, ఆవిడ తొందరపెట్టకుండా చివరిదాకా విని కడుపుబ్బ నవ్వింది. అది చూశాక భూతద్దం తిన్నగా ఇంటికొచ్చాడు.

చెల్లెలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ డ్రైవరును కాదని పొరపాటు చేశానమ్మా."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "నన్నొక్క మాట అడగాల్సింది అన్నయ్యా."

"అడిగితే ఏమనేదానివి?"

"మేమిద్దరం అనుకున్నాకే వచ్చాడతను. నువ్వు వద్దన్నాక, నీకు కష్టం కలుగుతుందని ఊరుకున్నాను."

ఆమె ఆయన కంపెనీ చొక్కా అందుకుని, చేతులు లోపలికి మడిచింది.

"రేపటి నుంచి వీటితో పనిలేదుగా," అంది. "పెట్టెలో పెట్టేయనా?"