జీను సంచిలోంచి వచ్చిన గొంతు

పెళ్లయిన పదకొండో వారంలో మా ఇద్దరికీ మొదటి పోట్లాట వచ్చింది. ఫోన్‌లో ఏ మ్యాప్ ఉంచుకోవాలన్నది గొడవ.

మా ఆయన డెల్‌ది వేటగాళ్ల యాప్. ఏ కొండ ప్రభుత్వానిది, ఏ గడ్డిమైదానం ఎవరి సొంతం అన్నది రంగులు వేసి చూపిస్తుంది. నాది గుర్రాల మీద తిరిగేవాళ్ల యాప్. వాగు ఎక్కడ దాటొచ్చో, దారికి అడ్డంగా చెట్టెక్కడ పడిందో, ట్రైలర్ ఎక్కడ వెనక్కి తిప్పుకోవచ్చో చెబుతుంది. ఇద్దరం ఒకే మ్యాప్ చూడాలని, లేకపోతే అడవిలో ఎవరి కొండ వాళ్లదవుతుందని హకల్‌బెర్రీ పళ్ల అట్లు తింటూ ఒప్పుకున్నాం. ఏది అన్న దగ్గరే ఆగిపోయాం.

"నీదాంట్లో ఎల్క్ దుప్పి ఎటు వెళుతుందో ఉండదుగా," అన్నాడు డెల్.

"నీదాంట్లో గుర్రం నీళ్లెక్కడ తాగాలో ఉండదుగా."

"గుర్రం తనే వెతుక్కుంటుంది."

"అయితే ఎల్క్‌ని కూడా గుర్రాన్నే వెతకమను. నువ్వెందుకు మధ్యలో?"

మామయ్య వర్జిల్ ఇంకో అట్టు పళ్లెంలో వేసుకుని, "నా మ్యాప్ నలభై ఏళ్లుగా ఇక్కడుంది," అంటూ టోపీ మీద వేలితో కొట్టాడు. "దీనికి చార్జింగ్ అక్కర్లేదు."

"కళ్లజోడు నెత్తిన పెట్టుకుని మొన్న ఇల్లంతా వెతికింది ఆ మ్యాప్‌తోనేనా నాన్నా?" అన్నాడు డెల్.

"నోర్ముయ్‌రా. ఇద్దరూ శనివారం నాతో రండి. ఏది గొప్పదో అక్కడే తేల్చుకోండి. పనిలో పనిగా కోడలి సంగతి కూడా చూసినట్టుంటుంది."

ఆ చివరి మాట ఊరికే అన్నది కాదు. మా అత్తవారు హౌగెన్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అక్టోబరు ఎల్క్ వేట క్యాంపుకి కొత్తవాళ్లని ఊరికే రానివ్వరు. ముందు వేసవిలో ఒకసారి మామయ్య తన రహస్యపు పచ్చికకి తీసుకెళతాడు. ఆ దారి ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా గీయకూడదు. నోరు జారినవాళ్లకి గుడారంలో చోటుండదు. అంటే పది రోజులు డెల్ కొండమీద, నేను ఇంట్లో. మంచులాంటి పాదాలు నా పిక్కలకి ఆనించే మనిషి లేకుండా పది రాత్రులు ఎలా నిద్రపోవాలో నాకు తెలియదు. అసలు తెలుసుకోవాలని లేదు.

పైగా మా నాన్న ఆర్లో ఇరవై ఏళ్లుగా ఆ పచ్చిక జాడ కోసమే తిరుగుతున్నాడు. పెళ్లి విందులో కూడా మామయ్య పక్కన చేరి, "ఇప్పుడు వియ్యంకులమయ్యాం కదా బావగారూ, ఏ లోయో చెప్పరాదూ?" అన్నాడు. "పిల్లనిచ్చారు గనక కేకు ఇంకో ముక్క ఇస్తాను, తీసుకోండి," అన్నాడు మామయ్య.

శనివారం తెల్లవారుతూనే ట్రైలర్‌లోంచి గుర్రాల్ని దింపి ఎక్కాం. మామయ్య తన కంచరగాడిద డీకన్ మీద ముందు, మధ్యలో నేను, వెనక డెల్. అరగంటకే డెల్ యాప్ చేతులెత్తేసింది. సిగ్నల్ లేని చోట పనికి రావాలంటే మ్యాప్‌ని ఇంటి దగ్గరే దించుకోవాలి. అతని తెరమీద బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ లేవు.

"నిన్న సాయంత్రం దించుకుంటుంటే నువ్వే కదా వచ్చి మెడ పట్టుకు వేలాడావు," అని గొణిగాడు.

"మామయ్యా, మీ అబ్బాయి ఓడిపోయి నా మీదకి నెడుతున్నాడు."

"మెడ సంగతి నాకెందుకమ్మాయ్," అన్నాడు మామయ్య వెనక్కి తిరక్కుండా.

వాగు దగ్గర ఆయన డీకన్‌ని ఆపి చెయ్యి చాచాడు. "ఇక్కడితో పరీక్ష అయింది. ఫోన్లు ఇలా ఇవ్వండి." రెండూ జీను సంచిలో పడేసి కట్టు బిగించాడు.

అక్కణ్ణుంచి రెండు గంటలు ఎక్కాం. చివరికి ఫర్ చెట్ల సందులోంచి కనబడింది పచ్చిక. మోకాలెత్తు గడ్డిలో ఆడ ఎల్క్‌లు, దూడలు, పదిహేను దాకా మేస్తున్నాయి. మామయ్య వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. నా చేతిని డెల్ పట్టుకున్నాడు. గాలి కూడా అడుగులో అడుగు వేస్తున్నట్టుంది.

సరిగ్గా అప్పుడు డీకన్ వెనక భాగం నుంచి ఒక ఆడగొంతు ఉత్సాహంగా పలికింది. "శభాష్! ఎనిమిది మైళ్లు పూర్తి చేశారు!"

పదిహేను తలలు ఒక్కసారి లేచాయి. మరుక్షణం పచ్చిక ఖాళీ.

మామయ్య నెమ్మదిగా తిరిగాడు. "నా గాడిదకి మాటలెప్పుడు వచ్చాయి?"

ఫోన్ ఇచ్చేటప్పుడు యాప్ ఆపడం మర్చిపోయాను. మేం వచ్చిన దారంతా అది గీసుకుంటూ వచ్చింది. అంతకంటే ఘోరం ఇంకోటి గుర్తొచ్చింది. పదహారేళ్లప్పుడు నన్ను గుర్రం పడేస్తే మూడు గంటలు ఎవరికీ దొరకలేదు. అప్పటి నుంచి నా ప్రతి స్వారీ దారీ మా ఇంట్లోవాళ్ల ఫోన్లకి వెళ్లేట్టు నాన్న ఏర్పాటు చేశాడు. పెళ్లి హడావుడిలో దాన్ని తీసేయలేదు.

దాచి లాభం లేదు. అంతా చెప్పేశాను. "సిగ్నల్ తగలగానే నాన్నకి వెళ్లిపోతుంది మామయ్యా. ఇప్పుడే తుడిచేస్తాను. క్యాంపుకి రావద్దంటే రాను," అన్నాను.

"నాన్నా, తను కావాలని చెయ్యలేదు," అన్నాడు డెల్.

మామయ్య జీను సంచిలోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు. ముసలి కళ్లలో ఏదో మెరిసింది. "తుడిచెయ్. తుడిచేసి కొత్తది మొదలుపెట్టు. సిగ్నల్ తగిలేది పైన గట్టు మీద కదూ? వెళ్లేదారిలో కాలిన అడవి కింద ఆల్డర్ పొదల ఊబి ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక అక్కడికి వెళ్లిన మనిషి లేడు. దాని అంచుదాకా ఓసారి తిరిగొద్దాం."

"మామయ్యా! ఆయన మా నాన్న!"

"నాకు బావగారు. ఇంకా దగ్గర."

నేను ఆలోచించాను. పూర్తిగా నాలుగు సెకన్లు. ఊబి అంచున గుర్తు పెట్టి, పక్కన 'మామయ్య చోటు, ఎవరికీ చెప్పొద్దు' అని కూడా రాశాను. ఆ రాత ఆయన అడగలేదు. నా సొంత తెలివి.

ఆదివారం సాయంత్రం నాన్న భోజనానికి వచ్చాడు. ముఖం నిండా గీరుకుపోయిన చారలు. బూట్ల నుంచి బురద వాసన.

"ముఖానికేమయింది బావగారూ?" అన్నాడు మామయ్య, బంగాళాదుంపలు అందిస్తూ.

"పిల్లి గీరింది."

"నడుందాకా బురద కూడా పూసిందే. తెలివైన పిల్లి."

నీళ్లు తాగుతున్న డెల్‌కి పొలమారింది. మామయ్య గ్లాసుని చెంచాతో టంగుమనిపించి, "తీర్పు చెబుతున్నాను. మనింటికి అమ్మాయి యాప్. వేటకి పనికొస్తుందో లేదో గానీ వియ్యాలవారికి మహా బాగా పనికొస్తుంది. క్యాంపులో అమ్మాయి పక్క నీ పక్కనే వేసుకోరా," అన్నాడు. నేను లేచి, అందరి ముందూ, ఆయన బట్టతల మీద ముద్దు పెట్టాను.

వెళ్లేటప్పుడు నాన్న నన్ను తన ట్రక్కు దగ్గరికి లాక్కెళ్లాడు. తిడతాడనుకున్నాను. ఫోన్ తీసి బొమ్మ చూపించాడు. ఊబి నడిమధ్య, బురదలో హాయిగా దొర్లుతున్న మగ ఎల్క్. కొమ్ములు పడకమంచమంత.

"మీ మామ గట్టివాడే తల్లీ. ఇంత చోటు ఇన్నాళ్లు దాచాడు," అన్నాడు గుసగుసగా. "నాకు తెలిసిందని చెప్పకు."

"చెప్పను నాన్నా," అన్నాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. అక్టోబరులో వేట తెరిచిన మొదటిరోజే నాన్న అక్కడ తన వంతు ఎల్క్‌ని కొట్టి ఇంటికి చేరాడు.

మా గుడారానికి మూడు రోజులు ఒక్క ఎల్క్ కూడా దొరకలేదు. పచ్చిక ఖాళీగా ఉంది. నాలుగో ఉదయం మామయ్య కాఫీ కప్పులోకి చూస్తూ, "ఇవాళ ఎటు వెళదాం?" అన్నాడు.

డెల్ పాదాల్ని నా పిక్కల మీంచి తీసేసి లేచి కూర్చున్నాను.

"నేను ఒక దారి చూపిస్తాను మామయ్యా," అని చెయ్యి చాచాను. "ముందు ఫోన్లు నా జీను సంచిలో వెయ్యండి."