పైడయ్య చొక్కా మీది పరాయి పతకాలు

నేను ఒక పతకాల పట్టీని. అరచేతి పొడవున్న రేకు, దాని మీద మడతలు పెట్టి కుట్టిన రంగు రిబ్బన్లు, వాటికి వేలాడే మూడు పతకాలు, వెనక చొక్కాకు గుచ్చుకునే పిన్ను. అంతే నేను. జర్మనీలోని డ్రెస్డెన్‌లో సైనికుల దుస్తులు కుట్టే దర్జీ ఒకడు నన్ను తయారుచేశాడు. నల్లటి ఇనుప శిలువ ఒకటి, కత్తుల గుర్తున్న కంచు శిలువ ఒకటి. ఆ రెండూ జర్మనీవి. మూడోది గుండ్రటిది, దాని మీద సింహం ఉంటుంది. అది బల్గేరియా ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ రెండు దేశాలూ ఒకే జట్టు.

నా మొదటి యజమాని ఒట్టో రీడెల్. ఆ యుద్ధంలో బల్గేరియా సైన్యం పక్కన, కొండల మీద టెలిఫోన్ తీగలు లాగాడు. నన్ను గుచ్చుకుని ఆదివారం వీధిలోకి వెళితే మాత్రం ఆయన నడకే మారిపోయేది. వంగిన నడుమును మూడు లోహపు బిళ్ళలు నిటారుగా నిలబెట్టగలవని నాకు అప్పుడే తెలిసింది.

రెండో యుద్ధం వచ్చింది. తల నెరిసిన ఒట్టోను మళ్ళీ ఆ కొండలకే, గ్రీకు దేశపు ఉత్తరపు కొసకు పంపారు. మళ్ళీ అవే తీగలు, మళ్ళీ పక్కన బల్గేరియా వాళ్ళే. ఓడిపోయి హడావిడిగా వెనక్కి మళ్ళేటప్పుడు, తాను బస చేసిన ఇంట్లో నన్ను సొరుగులో మరిచిపోయాడు. ఆ ఇంటామె భర్తను బల్గేరియా సైనికులు కాల్చి చంపారు. సొరుగు తీసి సింహం బొమ్మ చూడగానే ఆమె నన్ను కిటికీలోంచి వీధి బురదలోకి విసిరేసింది.

అప్పటికే ఆ ఊళ్ళోకి ఇంగ్లీషు వాళ్ళ తరఫున మద్రాసు సాపర్లు వచ్చి ఉన్నారు. శత్రువు పాతిన మందుపాతరలు వెతికి తీయడం వాళ్ళ పని. విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన గొర్లె పైడయ్య, బొబ్బిలి వైపు నుంచి వచ్చిన గంగులు ఒకే కంచంలో తినేవారు. ఆ రోజు పొద్దున్నే వంతెన పక్క మట్టిని గంగులు తడుముతుండగా పాతర పేలింది. నాలుగడుగుల దూరంలో ఉన్న పైడయ్యకు చెవులు గింగురుమన్నాయి తప్ప గీత కూడా పడలేదు. గంగులును మట్టి చేసి వస్తూ పైడయ్య బురదలో నన్ను చూశాడు. కడిగి, తిన్నగా తన అధికారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఈటిని తగిలించుకున్నోడే ఆ పాతర పాతుంటాడు. ఆడెవడో కనుక్కోండి దొరా" అన్నాడు.

దుబాసీ చెప్పింది విని అధికారి నవ్వాడు. గుర్తుగా ఉంచుకోమని భుజం తట్టాడు. ఆ పాతర పాతింది ఒట్టో కాదు, ఆయన ఏనాడూ ఒక్కటీ పాతలేదు. కాని ఆ మాట చెప్పడానికి నాకు నోరేదీ? పైడయ్య నన్ను సంచిలో అడుగున పెట్టుకున్నాడు. గంగులు చావుకు జవాబు చెప్పాల్సింది అతని దృష్టిలో నేనొక్కదాన్నే.

యుద్ధం ముగిశాక ఇంటికి చేరాడు. సంచి దులిపిన తల్లి నన్ను చూసి ఆనందంతో ఏడ్చేసింది.

"ఇయి నాయి కావే అమ్మా. శత్రువులియి" అన్నాడు పైడయ్య.

"నా కొడుకు ఏనాడైనా గొప్ప సెప్పుకున్నాడా!" అంటూ ఆమె తన చేత్తోనే నన్ను అతని చొక్కాకు గుచ్చి వీధంతా తిప్పింది.

అక్కడితో అతని పని అయిపోయింది. ఏటేటా పంద్రాగస్టుకు బడివాళ్ళు పిలిచేవారు. నన్ను పెట్టుకోకుండా వెళితే ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి ఇంట్లోంచి తెచ్చేవారు. ప్రతిసారీ మైకు ముందు నిలబడి, "ఇయి నాయి కావు. గంగులని నా నేస్తుడు..." అని మొదలుపెట్టేవాడు. హెడ్మాస్టరు చప్పున మైకు అందుకుని, "చూశారా పిల్లలూ, వీరుడికి ఎంత వినయమో!" అనేవాడు. చప్పట్లు మోగేవి. అతని గుండె మీద వేలాడుతూ నేను వినేదాన్ని. ఒట్టో ఛాతీ మీద నాకు పొగరు వినిపించేది, ఇక్కడ పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినిపించేది.

మిగిలిన మాట విన్నది కూతురు చిలకమ్మ ఒక్కతే. ఒకనాడు పొలం గట్టు మీద కూర్చుని ఆమెకు మొత్తం చెప్పాడు. చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అతను పోయిన కొన్నేళ్ళకు, యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భంలో ఊరివాళ్ళు అతనికి రాతి విగ్రహం పెట్టాలనుకున్నారు. పతకాలు ఉన్నవి ఉన్నట్టు చెక్కాలి కనుక అవేమిటో తెలుసుకోమన్నాడు శిల్పి. ప్రెసిడెంటు సూర్యంనాయుడు నన్ను విశాఖలో హబీబుల్లా అనే రిటైర్డు నేవీ అధికారి దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయన పాత పతకాలు సేకరిస్తారు. నన్ను దీపం కింద పెట్టి, రిబ్బన్ల చారలు చూశారు, సింహాన్ని చూశారు, వెనక కుట్టు చూశారు. "ఇవి మనవాళ్ళకిచ్చినవి కావండీ. రెండు జర్మనీవి, ఒకటి బల్గేరియాది" అన్నారు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. పైడయ్య జర్మనీవాళ్ళకు గూఢచారి అన్నాడొకడు. శవం మీంచి కాజేశాడన్నాడు ఇంకొకడు. చిలకమ్మను పిలిపించారు.

"మీ అయ్య ఊరిని మోసం చేసినాడు, చిలకమ్మా! పరువు తీసేసినాడు" అన్నాడు నాయుడు.

చిలకమ్మ తలెత్తింది.

"మా అయ్య ఏటేటా మైకులో సెప్పినాడు నాయుడుబాబూ. ఇయి నాయి కావని సెప్పినాడు. మీరే సప్పట్లు కొట్టినారు."

కొందరు కండువాలు సర్దుకున్నారు.

"ఇగ్రహం పెట్టండి, పెట్టకపోండి. పెడితే గుండె మీద ఏటీ సెక్కొద్దు. పక్కన గంగులు పేరు రాయండి" అంది.

విగ్రహం పెట్టలేదు. పతకాలు లేని సైనికుణ్ణి చూడడానికి ఎవరొస్తారన్నారు. సగం చెక్కిన రాయిని వేరే ఊరి నాయకుడి తలగా మార్చారని తర్వాత విన్నాను.

నన్ను ఇంట్లో ఉంచుకోవడం చిలకమ్మకు ఇష్టం లేకపోయింది. పారేయడానికీ చెయ్యి రాలేదు. బస్సెక్కి విశాఖ వచ్చి హబీబుల్లా గారికి ఇచ్చేసింది. ఆయన నన్ను ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టి, చిన్న అట్టముక్క తీసి, "ఎవరివని రాయమంటారమ్మా?" అని అడిగారు.

"ఎవులియో మనకి తెలవదు కదా బాబూ. ఇయి దొరికిన రోజునే గంగులు సచ్చిపోనాడు. ఆ మాట రాయండి" అంది.

ఆయన అలాగే రాశారు. ఇప్పుడు నన్ను చూడడానికి వచ్చేవాళ్ళు ముందు పతకాల పేర్లు చదువుతారు. సింహాన్ని చూసి ముచ్చటపడతారు. చివరి వాక్యం దగ్గరికొచ్చి ఆగి, హబీబుల్లా గారి వైపు తిరుగుతారు.

"గంగులు ఎవరండీ?" అని అడుగుతారు.

పైడయ్య ఎన్ని పంద్రాగస్టులు మైకు ముందు నిలబడ్డాడో, అన్నిసార్లూ ఆ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూశాడు.