పరాయి ఊరి పెసరట్టు

దేదీప్య పీహెచ్‌డీ నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లండ్ పట్టణాల మీద. ఆ పట్టణాల పెద్దలు బయటివాళ్ల వ్యాపారాన్ని ఎలా అడ్డుకున్నారో వరంగల్ నుంచి వచ్చిన ఈ పిల్ల మిషిగన్‌లో కూర్చుని చదువుతోంది. పక్క ఊరివాణ్ణి కూడా అప్పట్లో ‘ఫారినర్’ అనేవాళ్లు. పట్టణంలో వ్యాపార హక్కు లేనివాడు చిల్లరగా అమ్మాడంటే సరుకు జప్తు చేసేవాళ్లు.

శనివారం మార్కెట్లో పెసరట్లు పోస్తూ శ్రీవల్లి ఈ కబుర్లు వినేది. “అయితే నన్నూ పట్టుకునేవాళ్లే” అని నవ్వేది. ఆవిడ ఇల్లు నోవైలో, మార్కెట్ ఏమో దాని పక్కనున్న చిన్న ఊళ్లో. భర్తకి లేఆఫ్ అయ్యాక ఆ పెనం మీదే ఇల్లు నడుస్తోంది.

ఆ నవ్వు వేసవి దాటలేదు. మార్కెట్ ఊళ్లో హోటల్ నడిపే శశికాంత్, తన గిరాకీ బయటివాళ్లు లాక్కుపోతున్నారని టౌన్ కౌన్సిల్‌కి కంప్లైంట్ చేశాడు. ఊళ్లో షాపు ఉన్నవాళ్లకే మార్కెట్లో చోటని కౌన్సిల్ రూల్ తేబోయింది. మీటింగ్‌లో దేదీప్య లేచి ఆ పాత పట్టణాల సంగతంతా చెప్పింది. అందరూ మర్యాదగా విని, అనుకున్నట్టే ఓటేశారు.

శ్రీవల్లి మానలేదు. మార్కెట్ బయట పార్కింగ్ లాట్ చివర టేబుల్ వేసింది. ఆ వారం భర్తకి జ్వరం, సాయానికి దేదీప్య వచ్చింది. జనం అప్పుడే లైన్ కడుతుండగా టౌన్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, వెనకే పోలీసు.

“నువ్విక్కడ వర్క్ చేస్తున్నావా?” అని ఇన్‌స్పెక్టర్ దేదీప్యని అడిగాడు.

స్టూడెంట్ వీసా. బయట పని చేస్తున్నట్టు తేలితే అది పోతుంది. శ్రీవల్లే ఆమె చేతిలోంచి చట్నీ గిన్నె తీసుకుని ప్లేటు పెట్టింది. “షి ఈజ్ ఎ కస్టమర్” అంది. ఆపైన తెలుగులో, మొహం చూడకుండా, “పో, అవతల నిలబడు. నీ చదువు పోతుంది.”

దేదీప్య వెళ్లి లైన్లో నిలబడింది. పర్మిట్ లేదని, ఎవరూ తినకుండా ఇన్‌స్పెక్టర్ బ్లీచ్ సీసా మూత తీసి పిండి బకెట్‌లో ఒంపాడు. చట్నీలో, తరిగిన అల్లంలో, ఉల్లిపాయల్లో కూడా పోశాడు. ఘాటుకి ముందున్నవాళ్లు ముక్కు మూసుకున్నారు. ఎవరో వీడియో తీస్తున్నారు.

“తెల్లారకముందే లేచి రుబ్బానండీ” అంది శ్రీవల్లి. ఆ తెలుగు అక్కడ అర్థమైంది ఒక్క దేదీప్యకే. అడుగు ముందుకు పడబోయింది. శ్రీవల్లి కళ్లతోనే వద్దంది.

పెనం, స్టవ్ టౌన్ వ్యాన్ ఎక్కాయి. జరిమానా కట్టి వాటిని విడిపించుకోవడానికి ఆవిడ వెళ్లలేదు.

మంచు పడే రోజులొచ్చాక, ఆవిడ శశికాంత్ హోటల్లోనే వంటకి కుదిరిందని తెలిసి దేదీప్య వెనక తలుపు దగ్గరికి వెళ్లింది.

“ఆయన దగ్గరెట్ల చేస్తున్నవ్ అక్కా?”

“ఇంకెవరిస్తారమ్మా పని?” శ్రీవల్లి తడిచేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. లోపల్నుంచి శశికాంత్ కేకేశాడు. ఆవిడ గొంతు తగ్గించింది. “నువ్విటు రాకు. మీటింగ్‌లో మాట్లాడింది నువ్వేనని ఆయనకి గుర్తే. చూశాడంటే నన్ను తీసేస్తాడు.”

తలుపు పడింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కిందనుంచి దేదీప్య ఎవరూ చూడకుండా కారు దగ్గరికి నడిచింది.