నాలుగు రంధ్రాల కార్డు

సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ళం శనివారాలు చర్చి వెనక హాల్లో కలుస్తాం. ఆ సంఘాన్ని నడిపేది ఐలా నియెమి. ఒక ఏడు మంచు కరిగే రోజుల్లో, తుక్కు కింద వచ్చిన పెట్టె అడుగున ఆమెకు కంప్యూటర్లో గుచ్చే మూరెడు పొడవు కార్డొకటి దొరికింది. తయారుచేసినవాళ్ళ పేరు లేదు. చిప్పుల మీది అక్షరాలు ఎవరో గీకేశారు.

"మోడెమ్ అయ్యుంటుంది," అన్నాడు రస్సెల్. సంఘంలో దేనికైనా ముందు జవాబిచ్చేది అతనే.

"మోడెమ్‌కి ఇంత ఆంప్లిఫయర్ ఎందుకోయ్?" అంది ఐలా. " సౌండు కార్డే ఇది. కానీ స్పీకర్లు గుచ్చే రంధ్రాలు నాలుగున్నాయి చూడు. ఆ రోజుల్లో రెండుంటేనే గొప్ప."

ఐలా దాన్ని పాత యంత్రంలో పెట్టి, చిన్న ప్రోగ్రాము రాసి, ఏ సంఖ్యకు ఏం పలుకుతుందోనని కార్డుకి ఒక్కోటీ పంపి చూసింది. వారాల తరబడి ఉలుకూ పలుకూ లేదు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి స్పీకర్లోంచి, నేల అదిరేంత లోతైన మూలుగు వచ్చింది.

"ఆవు ఈనుతోందే!" రస్సెల్ పగలబడి నవ్వాడు.

అప్పుడే మాంసం, దుంపలు కూరి కాల్చిన వేడివేడి పాస్టీల పళ్ళెంతో వచ్చిన వెండెల్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఐలా భర్తకు అన్న ఆయన. సరుకు ఓడల్లో చుక్కాని పట్టి రిటైరైన మనిషి.

"ఇంకోసారి మోగించమ్మాయ్."

ఆమె మోగించింది.

"ఆవేమిట్రా నీ మొహం! మన రేవు హారన్ అది. పొగమంచు దిగితే మోగేది. నిద్ర పట్టట్లేదని జనం గోల పెడితే పీకేశారే, అదే."

"కార్డులో రేవు హారన్ ఎందుకుంటుంది బావగారూ?"

వెండెల్ వంగి ఆ రంధ్రాలను వేలితో లెక్కపెట్టాడు. "ఓడ నడపడం నేర్పే బడిలో మమ్మల్నొక చీకటి గదిలో నిలబెట్టి, చేతికి చుక్కాని ఇచ్చేవారు. నాలుగు మూలల నుంచీ చప్పుళ్ళు. చెవులతోనే దారి పట్టాలి. గోడవతల ఏ యంత్రం ఉండేదో ఎవరూ చూపించలేదు. అందులోది ఇదేనేమో. అబ్బో, ఆ గదిలో ఎన్ని ఓడలు గుద్దేశానో!"

హాలు నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టాం. కిటికీలకు తెరలు లాగాం. ఐలా మిగతా సంఖ్యలను వరసగా పంపింది.

ముందు నీళ్ళ సవ్వడి. ఎక్కడో ఎడమవైపు అలల మీద ఊగే గంట. దూరంగా హారన్, మళ్ళీ కాస్త దగ్గరగా. గోడలు మెల్లగా వెనక్కి జరిగిపోయినట్టుంది. నా చెంపలకు తడిగాలి తగిలిందంటే ఎవరూ నమ్మరు. కాళ్ళ కింద నేల తేలుతోంది. వెండెల్ మధ్యలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. లేని చుక్కానిని చేతులు అటూ ఇటూ మెత్తగా తిప్పుతున్నాయి. గంట మా పక్కనుంచి జారి వెనక్కి వెళ్ళిపోయింది. రస్సెల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

హారన్ తల మీదికి వచ్చి ఆగింది. ఇక నీళ్ళు గోడను తడుతున్న చప్పుడు మాత్రమే.

"రేవు చేరామా బావగారూ?" ఐలా గుసగుసగా అడిగింది. చెయ్యి స్విచ్చి మీద ఉంది.

"ఆగవే తల్లీ," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "ఇంకా తాళ్ళు కట్టలేదు."